రాగికీ పొటాషియానికీ చివర ఒక్క ఎలక్ట్రానే కదా, మరి ఇంత తేడా ఎందుకు?

పదోతరగతి_అమ్మ

నమస్కారం అండీ. నేను చదివింది కామర్స్. కెమిస్ట్రీ పుస్తకం మూసేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు మా అబ్బాయి పదో తరగతి, వాడితో పాటు నేనూ మళ్లీ కూర్చుని చదువుతున్నాను. ఆవర్తన పట్టిక పాఠం దగ్గర ఇద్దరం ఆగిపోయాం.

పుస్తకంలో ఉన్నది అర్థమైంది. ఒకే గ్రూపులో ఉన్న మూలకాలకి బయటి కర్పరంలో ఎలక్ట్రాన్లు సమానంగా ఉంటాయి, అందుకే గుణాలు ఒకేలా ఉంటాయి. మొదటి గ్రూపులో కిందికి వెళ్లేకొద్దీ చర్యాశీలత పెరుగుతుంది, పదిహేడో గ్రూపులో కిందికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఇంతవరకూ బట్టీ పట్టేయొచ్చు. కానీ మావాడు వరసగా మూడు ప్రశ్నలు వేశాడు, ఒక్కదానికీ సరిగ్గా చెప్పలేకపోయాను.

మొదటిది: ఒక గ్రూపులో కిందికి వెళ్తే పెరగడం, ఇంకో గ్రూపులో కిందికి వెళ్తే తగ్గడం. రెండింటికీ రెండు రూల్సా, లేక ఒకటే రూలా?

రెండోది: పొటాషియం ఎలక్ట్రాన్ అమరిక చివర, నాలుగో కర్పరంలోని ఎస్ అనే భాగంలో, అంటే 4ఎస్‌లో ఒక ఎలక్ట్రాన్. రాగికీ చివర 4ఎస్‌లో ఒక్కటే. రెండూ నాలుగో పీరియడ్‌లోనే ఉన్నాయి. మరి పొటాషియం నీళ్లలో వేస్తే మంట వస్తుంది, రాగి అలాగే పడి ఉంటుంది. ఎందుకు?

మూడోదానికి నాకు నోట మాట రాలేదు. "అమ్మా, సోడియం ఎలక్ట్రాన్‌ని వదిలేయాలని చూస్తుంటుంది అంటారు కదా. మరి కిరోసిన్‌లో ముంచి పెడితే ఏళ్ల తరబడి ఎందుకు వదలకుండా కూర్చుంటుంది?"

పరీక్ష కోసం కాదండీ. వాడికి నిజంగా తెలుసుకోవాలని ఉంది, నాకూ ఉంది. ఎవరైనా కాస్త ఓపిగ్గా చెప్తారా?

నోట్సు_రాజా

మేడమ్, సింపుల్‌గా చెప్పాలంటే ప్రతి పరమాణువూ బయటి కర్పరంలో 8 ఎలక్ట్రాన్లు ఉండేలా చూసుకుంటుంది. సోడియం ఒకటి వదిలేస్తే 8 మిగులుతాయి, క్లోరిన్‌కి ఒకటి వస్తే 8 అవుతాయి. కిందికి వెళ్తే పరమాణువు సైజు పెరుగుతుంది, కాబట్టి లోహాలు తేలిగ్గా వదుల్తాయి, హాలోజన్లు, అంటే క్లోరిన్ లాంటి పదిహేడో గ్రూపు మూలకాలు, తేలిగ్గా తీసుకోలేవు. పరీక్షలో ఇది రాస్తే ఫుల్ మార్కులు వస్తాయి. మీ రెండో ప్రశ్న సిలబస్‌లో లేదు, టెన్షన్ పడకండి.

ల్యాబ్_మాస్టారు

అమ్మా, రాజా గారు చెప్పింది పరీక్షకి సరిపోతుంది. కానీ మీ అబ్బాయి అడిగింది దాని వెనకాల ఉన్న సంగతి. నేను కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. కిరోసిన్ ప్రశ్న అడిగిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను, మిగతా రెండూ దాన్లోంచే వస్తాయి.

సోడియానికి ఎలక్ట్రాన్ వదిలేయాలన్న కోరిక ఏమీ లేదు. ఒంటరిగా ఉన్న సోడియం పరమాణువు నుంచి ఆ చివరి ఎలక్ట్రాన్‌ని లాగాలంటే మోల్‌కి 496 కిలోజౌళ్ల శక్తి మనమే పెట్టాలి. దీన్నే అయనీకరణ శక్తి అంటారు (మోల్ అంటే డజను లాగా పరమాణువుల్ని లెక్కపెట్టే ఒక పెద్ద కొలత). ఏ మూలకానికైనా ఇది ఖర్చే. ఎలక్ట్రాన్ ఊడినందుకు ఎదురు శక్తి ఇచ్చే పరమాణువు పట్టికలో ఒక్కటి కూడా లేదు. కిరోసిన్‌లో సోడియం ఊరుకోవడానికి కారణం ఇదే. ఖర్చు తేలుతోంది, తిరిగి కట్టేవాళ్లు లేరు. కిరోసిన్ అణువులకి ఎలక్ట్రాన్ తీసుకునే గుణం లేదు.

మీరు కామర్స్ అన్నారు కదా, సోడియం, క్లోరిన్ కలిసి సోడియం క్లోరైడ్ అవడాన్ని జమాఖర్చు చిట్టాలా రాసి చూడండి. అన్నీ మోల్‌కి కిలోజౌళ్లలో.

ఖర్చు వైపు: లోహపు ముద్దలోంచి సోడియం పరమాణువుల్ని విడదీయడానికి 107. క్లోరిన్ అణువుని చీల్చి ఒక పరమాణువు తీయడానికి 122. సోడియం నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి 496. మొత్తం 725.

జమ వైపు: ఆ ఎలక్ట్రాన్‌ని క్లోరిన్ పుచ్చుకున్నప్పుడు వచ్చేది 349. ఇంతటితో ఆపితే ఇంకా 376 నష్టంలో ఉన్నాం! చాలామంది పాఠాన్ని ఇక్కడే ఆపేస్తారు. సోడియం ఇచ్చింది, క్లోరిన్ తీసుకుంది, ఇద్దరికీ ఎనిమిది నిండాయి, అయిపోయింది అంటారు. చిట్టా ప్రకారం ఆ లావాదేవీ అక్కడితో ఆగితే జరగనే జరగదు. తర్వాత ఎలక్ట్రాన్ పోయిన ప్లస్ అయాన్లూ ఎలక్ట్రాన్ వచ్చిన మైనస్ అయాన్లూ ఒకదాన్నొకటి ఆకర్షించుకుని స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు 787 వస్తుంది. అప్పుడు నష్టం పూడి, 411 మిగులుతుంది. మంటగా, వేడిగా బయటికి వచ్చేది ఆ 411.

నీళ్లలోనూ ఇదే కథ, కాకపోతే జమ వేరే చోట నుంచి వస్తుంది. ఊడిన సోడియం అయాన్ చుట్టూ నీటి అణువులు చేరి పట్టుకున్నప్పుడు దాదాపు 406 కిలోజౌళ్లు విడుదలవుతాయి. కిరోసిన్ అణువులు ఆ పని చేయలేవు.

అందుకని చర్యాశీలత అన్న మాట వినగానే "దేనితో?" అని అడగడం మీవాడికి అలవాటు చేయండి. ఒక్క మూలకాన్ని చూసి చెప్పేది సగం మాటే.

ఇప్పుడు మొదటి ప్రశ్న. రూలు ఒకటే. బయటి ఎలక్ట్రాన్ మీద కేంద్రకానికి పట్టు ఎంత ఉంది? అంతే. ఆ పట్టుని మూడు విషయాలు నిర్ణయిస్తాయి: కేంద్రకంలో ప్రోటాన్లు ఎన్ని, ఎలక్ట్రాన్ ఎంత దూరంలో ఉంది, మధ్యలో లోపలి ఎలక్ట్రాన్లు ఎంత అడ్డం వస్తున్నాయి.

సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లు, లోపలి కర్పరాల్లో 10 ఎలక్ట్రాన్లు. ఆ పది అడ్డుపడటంతో బయటి ఎలక్ట్రాన్‌కి తగిలే లాగుడు దాదాపు ఒకటి రెండు ప్రోటాన్ల పాటి. క్లోరిన్‌కి కూడా లోపల అదే 10, కానీ ప్రోటాన్లు 17. దాని బయటి ఎలక్ట్రాన్లకి చాలా గట్టి లాగుడు తగులుతుంది. అందుకే పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి వెళ్తే పట్టు బిగుస్తుంది, పరమాణువు చిన్నదవుతుంది.

గ్రూపులో కిందికి వెళ్తే ప్రతి మెట్టుకీ ఒక కొత్త కర్పరం. ప్రోటాన్లు పెరిగినా అడ్డం కూడా పెరుగుతుంది, దూరం పెరుగుతుంది. లిథియం 520, సోడియం 496, పొటాషియం 419, రుబీడియం 403, సీజియం 376. పట్టు సడలిపోతున్నట్టు అంకెల్లోనే కనిపిస్తుంది. ఇక పట్టు సడలడం వల్ల ఎవరికి లాభం? ఎలక్ట్రాన్ పోగొట్టుకుని చర్య జరిపే లోహానికి అది సులువు. బయటి ఎలక్ట్రాన్‌ని తనవైపు లాక్కుని చర్య జరిపే హాలోజన్‌కి అదే ఇబ్బంది. కారణం ఒకటే, పని వేరు, అందుకే ఫలితం తిరగబడింది.

కళ్లతో చూస్తే ఇది మనసులో ఉండిపోతుంది. గాజు తొట్టెలో నీళ్లు పోసి క్షారం తగిలితే గులాబీ రంగుకి మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసేవాణ్ణి. ముందు లిథియం, అగ్గిపుల్ల తలంత ముక్క. తేలుతూ నిదానంగా బుడగలు వదుల్తుంది, ఆకారం మారదు. తర్వాత సోడియం. కత్తితో కోస్తే లోపల వెండిలా మెరుస్తుంది, పిల్లలు చూస్తుండగానే ఆ మెరుపు మాసిపోతుంది. నీళ్లలో పడగానే కరిగి గుండ్రటి పూసలా అయి, బుస్సుమంటూ తొట్టె అంతా పరుగెడుతుంది. పోయిన దారంతా గులాబీ గీత. ఆఖర్న పొటాషియం. నీటిని తాకీ తాకగానే లేత ఊదా రంగు మంట. మూడింటికీ చివరన ఒక్క ఎలక్ట్రానే. 520, 496, 419 అనే అంకెలు అక్కడ కంటికి కనిపించినట్టుండేది.

హాలోజన్లకి ఇంకో ప్రయోగం. పొటాషియం అయొడైడ్ ద్రావణం నీళ్లలా రంగు లేకుండా ఉంటుంది. అందులో క్లోరిన్ నీళ్లు పోయగానే గోధుమ రంగుకి తిరుగుతుంది. అయొడైడ్ దగ్గరున్న ఎలక్ట్రాన్‌ని క్లోరిన్ లాగేసుకుంది, అయొడిన్ బయటపడింది. దీన్ని తిప్పి చేస్తే, అంటే క్లోరైడ్ ద్రావణంలో అయొడిన్ వేస్తే, ఏమీ జరగదు. పట్టికలో పైన ఉన్నవాడు కిందివాడి దగ్గర లాక్కోగలడు.

ఫ్లోరిన్ దగ్గర మాత్రం చిన్న మెలిక ఉంది, దాచకుండా చెప్తున్నాను. ఎలక్ట్రాన్ పుచ్చుకున్నప్పుడు క్లోరిన్ 349 ఇస్తే ఫ్లోరిన్ 328 మాత్రమే ఇస్తుంది. ఫ్లోరిన్ పరమాణువు మరీ చిన్నది, అప్పటికే ఉన్న ఎలక్ట్రాన్లు కిక్కిరిసి కొత్తదాన్ని నెడతాయి. అయినా మూలకాలన్నిటిలోకీ ఉద్ధృతమైంది ఫ్లోరినే. ఎందుకంటే దాని అణువుని చీల్చడానికి 158 చాలు, క్లోరిన్ అణువుకి 243 కావాలి. ఆ చిన్న ఫ్లోరైడ్ అయాన్ ప్లస్ అయాన్లకి బాగా దగ్గరగా వెళ్తుంది కాబట్టి స్ఫటికం కట్టేటప్పుడు వచ్చే జమ కూడా ఎక్కువ. సోడియం క్లోరైడ్‌కి 787 అయితే సోడియం ఫ్లోరైడ్‌కి 900 దాటుతుంది. మళ్లీ చిట్టానే గెలిచింది. 1886లో హెన్రీ మోయిసాన్ దాన్ని విడిగా పట్టుకునేలోపు దానితో పని చేసినవాళ్లు ఎందరో విషప్రభావానికి గురయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

ఇక రాగి. ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. పొటాషియం కేంద్రకంలో 19 ప్రోటాన్లు, రాగిలో 29. ఈ మధ్యలో పది ప్రోటాన్లు చేరాయి, వాటితో పాటు పది ఎలక్ట్రాన్లు లోపలి 3డిలో చేరాయి. పదికి పది సరిపోయాయి కదా, పట్టు మారకూడదు అనిపిస్తుంది. కానీ డి ఎలక్ట్రాన్లు మంచి అడ్డుగోడ కాదు. 4ఎస్ ఎలక్ట్రాన్ ఎప్పుడూ బయటే తిరగదు, అప్పుడప్పుడూ లోపలికి, కేంద్రకం దగ్గరికి వెళ్లొస్తుంటుంది. అలా వెళ్లినప్పుడు ఆ పది డి ఎలక్ట్రాన్ల అడ్డు దానికి పెద్దగా ఉండదు, అదనపు ప్రోటాన్ల లాగుడు నేరుగా తగులుతుంది. ఫలితం చూడండి: పొటాషియం లోహంలో పరమాణు వ్యాసార్ధం 227 పికోమీటర్లు, రాగిలో 128. అయనీకరణ శక్తి పొటాషియానికి 419, రాగికి 745.

ఇంకో ఖర్చు కూడా ఉంది. లోహపు ముద్ద నుంచి పరమాణువుని ఊడదీయడానికి పొటాషియానికి 89 చాలు, రాగికి దాదాపు 338 కావాలి. రెండు ఖర్చులూ కలిపితే పొటాషియానికి 508, రాగికి 1083. నీళ్ల వైపు నుంచి వచ్చే జమ అంత నష్టాన్ని పూడ్చలేదు. అందుకే రాగి ఊరుకుంటుంది.

ఎమ్మెస్సీ_ఫైనల్

సర్, చాలా బాగా చెప్పారు. ఒక సందేహం. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ (నీళ్లలో ఎలక్ట్రాన్ వదిలే మొగ్గుకి కొలత, ఎంత మైనస్ అయితే అంత మొగ్గు) చూస్తే లిథియం మైనస్ 3.04 వోల్టులు, సోడియం మైనస్ 2.71, పొటాషియం మైనస్ 2.93. అంటే నీళ్లలో ఎలక్ట్రాన్ వదలడంలో లిథియమే మొదటిది కదా. మరి మీ తొట్టెలో అది అన్నిటికంటే నెమ్మదిగా ఎందుకు ఉంది? ఈ రెండింటికీ పొంతన కుదరక నేను డిగ్రీలో ఒక పరీక్ష పాడు చేసుకున్నాను.

ల్యాబ్_మాస్టారు

బాబూ, నువ్వు చెప్పిన అంకెలు సరైనవే, నా తొట్టే సరైనదే. రెండూ వేర్వేరు విషయాలు చెప్తున్నాయి.

ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ చిట్టా చివరి మిగులు చెప్తుంది. లిథియం అయాన్ చాలా చిన్నది, నీటి అణువులు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడు వచ్చే జమ దాదాపు 520, సోడియానికి 406, పొటాషియానికి 322. అందుకే అయనీకరణలో ఖర్చు ఎక్కువైనా లిథియం చివరికి ముందుంటుంది. నీటితో చర్యలో మోల్‌కి వచ్చే వేడి చూసినా లిథియానికి 222, సోడియానికి 184, పొటాషియానికి 196. మొత్తం వేడి లిథియానిదే ఎక్కువ.

తొట్టెలో కనిపించేది మిగులు కాదు, వేగం. ఎంత వేడి వచ్చింది అన్నది వేరు, ఎంత త్వరగా వచ్చింది అన్నది వేరు. లిథియం 180 డిగ్రీలకి గానీ కరగదు, కాబట్టి నీళ్లలో ముక్క ముక్కగానే ఉంటుంది. సోడియం 98కి, పొటాషియం 63కే కరిగిపోతాయి. కరిగిన లోహం మీద ఏర్పడ్డ పదార్థం ఎప్పటికప్పుడు జారిపోతూ, కొత్త ఉపరితలం నీటికి తగులుతూ ఉంటుంది. పైగా చర్య మొదలవ్వాలంటే దాటాల్సిన మొదటి మెట్టు ఎలక్ట్రాన్ ఊడటమే. ఆ మెట్టు పొటాషియానికి తక్కువ ఎత్తు.

దీనికి ఈ మధ్య కాలంలో వచ్చిన ఒక పరిశోధన నన్ను కదిలించింది. 2015లో పావెల్ యుంగ్‌విర్త్ బృందం చాలా వేగంగా ఫోటోలు తీసే కెమెరాతో సోడియం, పొటాషియం మిశ్రమం చుక్క నీటిలో పడటాన్ని చూశారు. తాకిన మిల్లీసెకనులో సగం కూడా గడవకముందే చుక్కలోంచి ముళ్లలాంటివి బయటికి పొడుచుకొచ్చాయి. ఎలక్ట్రాన్లు నీటిలోకి ఒక్కసారిగా దూకేశాయి, వెనక మిగిలిన ప్లస్ అయాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుని చుక్కని చీల్చేశాయి. ఉపరితలం అంత హఠాత్తుగా పెరగడం వల్లే పేలుడు. ఎన్నో ఏళ్లు నేను పిల్లలకి "హైడ్రోజన్ అంటుకుని పేలుతుంది" అని మాత్రమే చెప్పాను. ఆ వ్యాసం చదివిన తర్వాత నా పాఠం మార్చుకున్నాను.

లిథియం గురించి ఇంకొక్క మాట. దాని సాంద్రత 0.53. కిరోసిన్ కంటే కూడా తేలిక, అందులో వేస్తే పైకి తేలుతుంది. అందుకే దాన్ని వేజ్‌లైన్ లాంటి జెల్లీ పూసి దాస్తారు.

పదోతరగతి_అమ్మ

మాస్టారూ, ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. జమాఖర్చు అనగానే నాకు ఒక్కసారిగా వెలుగొచ్చింది. ఇద్దరం కాగితం మీద గీత గీసి రెండు వైపులా అంకెలు వేసుకున్నాం. 411 వచ్చినప్పుడు వాడి ముఖం చూడాల్సింది.

ఇప్పుడు ఇంకో రెండు అడుగుతున్నాడు. బంగారం కూడా రాగి గ్రూపే కదా, కిందికి వెళ్తే పట్టు సడలాలి, మరి బంగారం ఇంకా నిమ్మళంగా ఉందేంటి? నైట్రోజన్ కుడి వైపు పైన ఉంది, ఎలక్ట్రాన్ల మీద పట్టు గట్టిగానే ఉండాలి, ఆక్సిజన్ పక్కనే ఉంది. మరి గాలిలో ఐదింట నాలుగు వంతులు అదే ఉన్నా ఎవరితోనూ ఎందుకు కలవదు?

ఇంకొకటి. ఆ తొట్టె ప్రయోగం వీడు ఇంట్లో చేయాలంటున్నాడు. కుదురుతుందా?

ల్యాబ్_మాస్టారు

ఇంట్లో వద్దమ్మా. ఈ మాట ముందు చెప్పి మిగతావి తర్వాత చెప్తాను.

నా ఉద్యోగం మొదట్లో, ఒక ల్యాబ్‌లో, అలమారాలో పాత పొటాషియం సీసా ఉండేది. నూనె సగం ఇంకిపోయింది, ముక్క మీద పసుపు రంగు పెచ్చు కట్టింది. మురికి అనుకుని కత్తి పెట్టి గీకబోయాను. టప్పుమని పేలి, నిప్పురవ్వలు అద్దాల మీదికి కొట్టాయి. కళ్లద్దాలు లేకపోతే ఈ రోజు ఈ జవాబు రాసేవాణ్ణి కాదు. ఆ పసుపు పెచ్చు పొటాషియం సూపర్‌ఆక్సైడ్. పొటాషియం గాలితో మామూలు ఆక్సైడ్ దగ్గర ఆగదు, దీన్ని కూడా తయారు చేస్తుంది. నూనెతోనూ, కింద ఉన్న తాజా లోహంతోనూ కత్తి దాన్ని నొక్కితే పేలుతుంది. ఇదీ పట్టిక చెప్పే సంగతే: లిథియం గాలిలో కాలితే మామూలు ఆక్సైడ్, సోడియం ఎక్కువగా పెరాక్సైడ్, పొటాషియం నుంచి కిందికి సూపర్‌ఆక్సైడ్. పెద్ద ప్లస్ అయాన్ దగ్గరే రెండు ఆక్సిజన్లు కలిసిన ఆ పెద్ద మైనస్ అయాన్ నిలకడగా ఉండగలదు. కానీ ఆ సంగతి నేను పుస్తకంలో చదివి కాదు, చేతిలో పేలాక నేర్చుకున్నాను. మీవాడికి వీడియోలు చూపించండి, స్కూల్లో టీచర్ చేస్తే ముందు వరసలో కూర్చోమనండి.

బంగారం సంగతి. పట్టు కిందికి సడలాలి అన్నది ఎక్కడైనా పని చేస్తుంది, లెక్కలో కొత్త విషయం దూరనంత వరకు. వెండికి అయనీకరణ శక్తి 731, బంగారానికి 890. మధ్యలో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, లాంథనైడ్లు అనే మూలకాల వరస వచ్చి 4ఎఫ్‌లో 14 ఎలక్ట్రాన్లు, వాటితో 14 ప్రోటాన్లు చేరాయి. ఎఫ్ ఎలక్ట్రాన్ల అడ్డు డి కంటే కూడా అధ్వానం. రెండు, బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు. వాటి దగ్గరికి వెళ్లే ఎస్ ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైన వేగంతో తిరుగుతాయి. అంత వేగంలో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం లెక్కలోకి వస్తుంది, ఎలక్ట్రాన్ బరువెక్కినట్టు ప్రవర్తిస్తుంది, కక్ష్య కుంచించుకుపోతుంది. చివరి 6ఎస్ ఎలక్ట్రాన్ మీద కూడా దాని ప్రభావం పడి పట్టు బిగుసుకుంటుంది. బంగారానికి పసుపు రంగు రావడానికి కూడా ఈ కుంచింపే కారణం.

ఇంకా అందమైన సంగతి ఉంది. పట్టు అంత బిగిసిపోయిన బంగారం ఒక్కోసారి ఎలక్ట్రాన్ వదలడం కాదు, తీసుకుంటుంది! సీజియంతో కలిస్తే సీజియం ఆరైడ్ ఏర్పడుతుంది. అందులో సీజియం ప్లస్, బంగారం మైనస్. రెండు లోహాలు కలిసినా వచ్చేది లోహం కాదు, అర్ధవాహకం. బంగారం అక్కడ క్లోరిన్ పాత్ర పోషించింది. "దేనితో?" అని అడగమన్నది ఇందుకే.

నైట్రోజన్‌కి జవాబు కూడా అందులోనే ఉంది. పట్టిక చెప్పేది ఒంటరి పరమాణువు గురించి. గాలిలో తిరిగేది ఒంటరి నైట్రోజన్ కాదు, జంట. ఆ జంట మధ్య మూడు బంధాలు, తెంచాలంటే 945 కిలోజౌళ్లు. ఫ్లోరిన్ జంటకి 158 అని చెప్పాను, పోల్చుకోండి. ఒకసారి ఒంటరిదైతే నైట్రోజన్ పరమాణువు చాలా చురుకే. చిట్టాలో మొదటి ఖర్చే భరించలేనంత ఉంది కాబట్టి జంటగా ఉన్నంతకాలం నిశ్శబ్దంగా ఉంటుంది. అయినా మన లిథియం మామూలు గది ఉష్ణోగ్రత దగ్గరే నైట్రోజన్‌తో నెమ్మదిగా కలుస్తుంది. దాని గ్రూపులో ఆ పని చేసేది అదొక్కటే. చిన్న అయాన్, స్ఫటికంలో భారీ జమ.

పరమాణువు ఒంటరిగా ఉన్నా పట్టు విడవని జడ వాయువుల విషయానికి వస్తే, వాటినీ ఒప్పించారు. 1962లో నీల్ బార్ట్‌లెట్ ఒక ప్లాటినం ఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాగడం గమనించాడు. ఆక్సిజన్ అణువు నుంచి, జినాన్ నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి అయ్యే ఖర్చు దాదాపు ఒకటేనని, 1170 చుట్టుపక్కలని, పట్టికలో చూశాడు. అది దీన్ని లాగితే దాన్నీ లాగాలి కదా అనుకుని జినాన్‌తో ప్రయత్నించాడు. పసుపు రంగు ఘనపదార్థం వచ్చింది. జడ వాయువులు ఎవరితోనూ కలవవు అని అప్పటివరకూ పుస్తకాల్లో రాసుకున్న మాట ఆ రోజు పోయింది. రెండు అంకెల పోలికతో.

మీవాడికి ఒక పని ఇస్తున్నాను. ఒక మూలకం నుంచి వరసగా ఒక్కో ఎలక్ట్రాన్ లాగితే అయ్యే ఖర్చులు ఇవి: 578, 1817, 2745, 11577. పేరు చెప్పను. పట్టికలో ఏ గ్రూపో చెప్పమనండి, ఎందుకో కూడా.

పదోతరగతి_అమ్మ

మాస్టారూ, సరిగ్గా పది నిమిషాలు పట్టింది. "మూడింటి వరకూ మెల్లగా పెరిగింది, నాలుగో దగ్గర ఒక్కసారిగా నాలుగు రెట్లు దూకింది. అంటే బయటి కర్పరంలో మూడే ఉన్నాయి, నాలుగోది లోపలి కర్పరంలోది. పదమూడో గ్రూపు" అన్నాడు. తర్వాత పట్టికలు వెతికి అల్యూమినియం అని తేల్చాడు.

కానీ అక్కడితో ఆగలేదు. "మూడు ఎలక్ట్రాన్లు ఊడదీయడానికి అంత ఖర్చు పెట్టినా అల్యూమినియం అయాన్ ఏర్పడుతోందంటే జమ ఇంకా చాలా ఎక్కువ ఉండాలి, అంటే ఇది బాగా చురుకైన లోహం. మరి కిటికీ ఫ్రేము వానలో తడుస్తూ ఎలా ఉంటోంది?" అని, మేకు తెచ్చి ఫ్రేము మూల గీశాడు. గీసిన చోట తళతళ మెరిసింది. ఇప్పుడు అక్కడ చర్య జరుగుతుందని పొద్దున్నుంచీ కాపలా కూర్చున్నాడు. ఏమీ మారలేదు. ఏం చెప్పమంటారు?

ల్యాబ్_మాస్టారు

చర్య అయిపోయిందని చెప్పండమ్మా. వాడు మేకు పైకెత్తేలోపే అయిపోయింది.

అల్యూమినియం నిజంగానే చాలా చురుకైనది. దాని పొడిని ఇనుప ఆక్సైడ్‌తో కలిపి అంటిస్తే ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది, ఆ వేడికి ఇనుము కరిగి ద్రవంగా కారుతుంది. రైలు పట్టాలని అలాగే అతుకుతారు. గాలి తగిలితే కూడా అంతే ఆత్రంగా ఆక్సైడ్ అవుతుంది. కానీ ఆ ఆక్సైడ్ లోహానికి గట్టిగా అతుక్కుని, సందు లేకుండా కప్పేస్తుంది. మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే, పారదర్శకంగా ఉంటుంది, అందుకే కింద ఉన్న మెరుపు అలాగే కనిపిస్తుంది. ఇనుము మీద తుప్పు ఇలా కాదు, పెచ్చులుగా రాలి కొత్త లోహాన్ని గాలికి అప్పజెప్తుంది.

వాడు గీసిన గీతలో తాజా లోహం కనిపించింది నిజమే. దాని మీద కొత్త పొర కూడా అప్పుడే కట్టేసింది. కాపలా చాలించి లోపలికి వచ్చేయమనండి, రేపు మెగ్నీషియం గురించి మాట్లాడుకుందాం.